కానిస్టేబుల్ కొడుకు: ఒక తమిళ హాస్యచిత్రం, దాని వెనుక చరిత్ర

2014 నవంబరులో విడుదలైన "తిరుడన్ పోలీస్" గొప్ప చిత్రమని ఎవరూ అనరు. నేనూ అనబోవడం లేదు. కార్తీక్ రాజు దర్శకత్వం వహించిన ఈ తమిళ చిత్రం ప్రేమనూ, హాస్యాన్నీ, పగనూ ఒకే కుండలో వండిన వినోదం. అయినా, చరిత్ర పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక, అందులోని ఒక్క విషయం నన్ను వదలలేదు. కథానాయకుడు పోలీసు ఉద్యోగం కోరుకున్నవాడు కాదు. పనీ పాటా లేకుండా తిరిగే కుర్రవాడు. తండ్రి నిజాయితీ గల కానిస్టేబుల్. ఆ తండ్రి పోయిన తరువాత కారుణ్య నియామకం కింద ఖాకీ బట్టలు కొడుకు ఒంటి మీదికి వస్తాయి. తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిన పడ్డట్టే ఉంటుంది ఆ వ్యవహారం. ఇష్టం లేని ఉద్యోగం, మధ్యలో ఒక ప్రేమకథ, చివరకు తండ్రి చావులో పై అధికారి చెయ్యి ఉన్నదని తెలుసుకోవడం, పగ తీర్చుకోవడం – ఇదీ కథ. కొడుకుగా దినేష్, తండ్రిగా రాజేష్, నాయికగా ఐశ్వర్యా రాజేష్ నటించారు.

తమిళ తెర మీద పోలీసు కథ అంటే అధికారి కథ. 1974 నాటి "తంగప్పదక్కం"లో శివాజీ గణేశన్, 1982 నాటి "మూండ్రు ముగం"లో రజనీకాంత్, 2003లో "కాక్క కాక్క", "సామి", 2010లో "సింగం" – అందరూ భుజం మీద నక్షత్రాలున్నవారే. "కాక్క కాక్క" మనకు "ఘర్షణ"గానూ, "సామి" "లక్ష్మీ నరసింహా"గానూ 2004లో తెలుగు వేషం కట్టి వచ్చాయి. ఈ తరహా చిత్రాలలో కానిస్టేబుల్ ఏం చేస్తాడు? జీపు తలుపు తీస్తాడు, సెల్యూట్ కొడతాడు, బొజ్జ ఊపుకుంటూ పరుగెత్తి మనల్ని నవ్విస్తాడు. శౌర్యం దొరగారిది, నవ్వులపాలు జవానుది. ఈ పంపకం సినిమావారు కనిపెట్టింది కాదు. దానికి నూట అరవై ఏళ్ళకు పైబడిన వయస్సు ఉన్నది.

1854లో మద్రాసు రాజధానిలో రైతులను హింసించి శిస్తు వసూలు చేస్తున్నారన్న గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. మన కోస్తా, సీమ జిల్లాలు కూడా ఆనాడు ఆ రాజధానిలోనివే. శిస్తు వసూలు చేసే చేతులే పోలీసు పని కూడా చేసేవి. విచారణకు ఒక సంఘాన్ని నియమించారు. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. 519 మంది స్వయంగా నడిచివచ్చి తమ గోడు చెప్పుకున్నారు. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నలిపే "కిట్టి", మనిషిని వంచి ఎండలో కట్టివేయడం – ఇవన్నీ 1855 నాటి నివేదికకు ఎక్కాయి. హింస ఉన్నదని సర్కారే ఒప్పుకున్నది. కాని తప్పంతా ఎవరి మీద వేసింది? కింది దేశీయ నౌకర్ల మీద! తెల్లదొరలు దాన్ని ఆపటానికి శాయశక్తులా ప్రయత్నించారట. 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో మార్క్స్ ఈ కీలకాన్నే పట్టుకున్నాడు: ఒప్పుకోలు కూడా కంపెనీ ప్రభుత్వాన్ని కాపాడే తీరులోనే జరిగిందని ఆయన విమర్శ.

ఆ తరువాత 1859లో మద్రాసుకూ, 1861లో దేశానికంతటికీ పోలీసు చట్టాలు వచ్చాయి. పైన తెల్ల అధికారి, కింద నల్ల జవాను. 1902లో నియమించిన ఫ్రేజర్ కమిషన్ కానిస్టేబుల్‌కు యాంత్రికమైన పనులే అప్పగించాలన్నది. అంటే వానికి లాఠీ ఇవ్వవచ్చు, బుద్ధిని మాత్రం వాడనివ్వకూడదు. దొర పోయినా బంగళా పోలేదు. అధికారి ఇంట్లో బట్టలుతికే, పిల్లలను బడికి దిగబెట్టే "ఆర్డర్లీ" పద్ధతి రద్దయిందని తమిళనాడు ప్రభుత్వం 1979లోనే ఉత్తర్వు ఇచ్చింది. అది ఇంకా సాగుతున్నదని 2022లో మద్రాసు హైకోర్టు మళ్ళీ గద్దించవలసి వచ్చింది. అదే 1979లో అనేక రాష్ట్రాలలో పోలీసులు సంఘాల కోసం, జీతాల కోసం ఆందోళనకు దిగారు. ప్రభుత్వ అనుమతి లేనిదే వారు సంఘం పెట్టుకోకూడదని 1966 నాటి చట్టం శాసిస్తున్నది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు జవాన్ల పక్షాన వారి భార్యలు రోడ్డెక్కడానికి కారణం వేరే వెతకనక్కరలేదు.

ఈ చరిత్రను పక్కన పెట్టుకొని చూస్తే, "తిరుడన్ పోలీస్" జవానును నట్టింట కూర్చోబెట్టి ఒక మంచి పని చేసింది. కాని ముడి విప్పవలసిన చోట జారిపోయింది. 1855లో దోషం చెడ్డ నౌకరుది. ఇక్కడ చెడ్డ అధికారిది. తలకిందులు చేశారు గాని లెక్క అదే. ఆ ఒక్కణ్ణీ తొలగిస్తే ఠాణా పవిత్రమైపోతుంది! హాస్యచిత్రం నుంచి అంత ఆశించడం అన్యాయమని కొందరు మిత్రులు అనవచ్చు. నవ్వించేవాడికి నిజం బరువు కాదని నా అభిప్రాయం.

ఇదే దినేష్ రెండేళ్ళు తిరగకుండా, 2016లో విడుదలైన వెట్రిమారన్ చిత్రం "విసారణై"లో లాఠీకి అవతలి వైపు నిలబడ్డాడు. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తన అనుభవంతో వ్రాసిన "లాకప్" దానికి మూలం. ఆ లాకప్ మన గుంటూరుది. పొట్ట చేతబట్టుకొని వచ్చిన తమిళ కూలీలను, చేయని దొంగతనం ఒప్పుకోమని చావగొట్టే చేతులు తెలుగు జవానులవి. కానిస్టేబుల్ కూడా కూలివాడే కదా అని జాలిపడి ఊరుకునే మనవాళ్ళు ఈ చిత్రం చూడాలి. కూలివాడన్నది నిజమే. తోటి కూలివాని వీపు మీద పడే లాఠీ అతని చేతిలోదే అన్నదీ నిజమే.

మరి ఆ చెయ్యి ఎన్నడైనా ఆగుతుందా? తెర మీద ఆగడం నేను పెద్దగా చూడలేదు. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళ దాటి దుకాణం తెరిచారన్న ఆరోపణ మీద పట్టుకున్న తండ్రీకొడుకులు పోలీసుల దెబ్బలకు చనిపోయారు. ఆ ఠాణాలోనే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్, విచారణకు వచ్చిన మేజిస్ట్రేటు ముందు, రాత్రంతా కొట్టారనీ, లాఠీలకూ బల్లకూ రక్తం అంటిందనీ చెప్పింది. తోటి ఉద్యోగులు బయట ఉండగానే చెప్పింది.