మిషన్ బడి గడప: జాన్ ఆండర్సన్, రాబర్ట్ నోబుల్

స్కాట్లండు ప్రెస్బిటేరియన్ మిషనరీ జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసులో ఒక పాఠశాల స్థాపించారు. 1830లో అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో ప్రారంభించిన పద్ధతినే ఆయన అనుసరించారు. ఇంగ్లీషు విద్యతోపాటు బైబిలు బోధించడం, అగ్రవర్ణ యువకులను ఆకర్షించడం ఆ పద్ధతి. నెల్లూరు శాఖ ద్వారా ఈ పని తెలుగు నేలకు కూడా వచ్చింది.

1838లో పరయ కులపు బాలురు కొందరు మద్రాసు బడిలో ఉన్నారని తెలిసి, వారిని పంపివేయాలని అగ్రవర్ణాలవారు పట్టుబట్టారు. ఆండర్సన్ అంగీకరించలేదు. అనేకులు బడి మానివేశారు.

1843లో మచిలీపట్నంలో బడి తెరిచిన ఆంగ్లికన్ మిషనరీ రాబర్ట్ నోబుల్ మరో మార్గం ఎంచుకున్నారు. అంటరానివారిగా ఎంచబడిన కులాల పిల్లలను ఆయన చేర్చుకోలేదు. ముందుగా అగ్రవర్ణాలను క్రీస్తు చెంతకు తేవాలన్నదే ఆయన ఉద్దేశం. ఆయన త్యాగాన్ని ఎవరూ శంకించలేరు. అవివాహితుడుగా ఉండి, స్వదేశానికి తిరిగి వెళ్లకుండానే 1865లో అక్కడే మరణించారు.

అయితే ఫలితం గమనించాలి. 1841లో రాజగోపాల్, వెంకటరామయ్య బాప్తిస్మం పొందినప్పుడు విద్యార్థులు ఆండర్సన్ బడిని విడిచిపోయారు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం పొందినప్పుడు నోబుల్ బడికీ అదే జరిగింది. కులంతో రాజీపడినా ఆ నష్టం తప్పలేదు. కాలక్రమంలో రెండు బడులూ కోలుకొని కళాశాలలయ్యాయి.

నేటి తెలుగు సంఘాలలో అత్యధికులు నోబుల్ గడప బయట నిలిచిన కులాల సంతతివారే. ఇప్పుడు మన సంఘ పాఠశాలల్లో ఫీజు ఆ గడపగా మారిందేమో కాపరులు పరిశీలించాలి.