లోహ నానో కణాలతో ఫైబర్ సెన్సార్ల దీప్తి పెంపు

ఆప్టికల్ ఫైబర్ కొనకు పూసిన రంగు పదార్థం వెలిగే తీరును బట్టి నీటిలోని ఆక్సిజన్‌ను, ఆమ్లతను కొలవవచ్చు. ఆ వెలుగు సన్నగా ఉంటే వెండి, బంగారు నానో కణాలతో దాన్ని పెంచే పద్ధతి ఇది.

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. అంత చిన్న బంగారు కణాలు నీటిలో తేలితే ఆ నీరు పసుపుగా కాక కెంపు ఎరుపుగా కనిపిస్తుంది. కణంలోని ఎలక్ట్రాన్లు 520 నానోమీటర్ల దగ్గరి కాంతికి ఒక్కుమ్మడిగా ఊగడమే కారణం. ఈ ఊపునే ప్లాస్మాన్ అంటారు. ఆ ఊపులో కణం చుట్టూ విద్యుత్ క్షేత్రం బలపడి, పక్కనున్న రంగు అణువు మరింత వెలుగుతుంది.

అసలు కష్టమంతా దూరం దగ్గరే. అణువు లోహానికి మరీ అంటుకుంటే వెలుగు పెరగకపోగా ఆరిపోతుంది. అందుకే కణానికి పలుచని సిలికా తొడుగు వేసి, కొన్ని నానోమీటర్ల ఎడం ఉంచుతారు.

ఆక్సిజన్ కొలిచే రంగు పదార్థాల్లో ఒకటైన రుథీనియం సమ్మేళనాన్ని నీలి కాంతితో వెలిగిస్తే నారింజ ఎరుపు వెలుగు వస్తుంది. ఆక్సిజన్ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. నంద్యాల పక్కగా పారే కుందూ వంటి ఏటి నీటి పరీక్షకు ఈ సూత్రం చక్కగా సరిపోతుంది.

నంద్యాల ఉన్న రాయలసీమలోనే, పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ పరిశోధకులు లోహంతో దీప్తి పెంచే ఈ పద్ధతికి దగ్గరి పని చేశారు. ఫైబర్‌కు బదులు పలుచని వెండి పొర, గాజు పట్టకం వాడి, ఎటుపడితే అటు చెదిరే దీప్తిని ఒకే కోణంలోకి మళ్లించారు.