ఇంటి సామాను - పూచీ ఎవరిది?

మా గడివేముల వైపు ఒకప్పుడు ఇల్లు మారడమంటే ఎద్దుల బండి కట్టడమే. బండి తోలేవాడు మన ఊరివాడే, దారిలో కుండ పగిలినా మంచం కోడు విరిగినా వాడిని అడగడానికి మనకు నోరుండేది. ఇప్పుడు పిల్లల ఉద్యోగాల కోసం నంద్యాల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పోతున్నాం. ఎప్పుడూ చూడని మనుషులొచ్చి, మన ఇరవై ఏళ్ల సంసారాన్ని అట్టపెట్టెల్లో సర్ది లారీ ఎక్కిస్తున్నారు. పగిలితే పూచీ ఎవరిది?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. మోసేవాడి చేతిలో సరుకు పోతే వాడే కట్టుకోవాలని యాజ్ఞవల్క్య స్మృతి ఎప్పుడో చెప్పింది. రాజు వల్ల గానీ దైవం వల్ల గానీ పోతే మాత్రం మినహాయింపు. తీరా బయలుదేరే వేళకు అడ్డం తిరిగితే కూలికి రెట్టింపు ఇచ్చుకోవాలట! ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని తిక్కన కాలంవాడైన కేతన 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. బీఏలో కేతన పేరు పరీక్ష కోసం బట్టీ పట్టాం గానీ, ఆ ధర్మశాస్త్రాల్లో మన ఇంటి సామాను సంగతి కూడా ఉంటుందని అప్పుడు ఎవరు అనుకున్నారు?

తర్వాత ఇంగ్లీషువాళ్లు 1865లో క్యారియర్స్ చట్టం తెచ్చారు. సరుకు పోతే బండివాడి నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కర్లేదు అన్నది అందులో మనకు మేలు చేసే మాట. కానీ ఒక మెలిక పెట్టారు. కొన్ని విలువైన వస్తువులకు ముందే విలువ చెప్పకపోతే, వంద రూపాయలు దాటిన సరుకుకు వాడి పూచీ ఉండదు. ఆ జాబితాలో బంగారం, వెండి, నగలు, గడియారాలు, గాజు సామాను, పింగాణీ, పట్టు, శాలువలు, ఆస్తి దస్తావేజులు ఉన్నాయి. చదువుతుంటే పెళ్లికూతురి పెట్టె తెరిచినట్టే ఉంటుంది!

ఇల్లు మారడం మన జిల్లాలకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆఫీసుల ఫైళ్లతో పాటు ఎన్ని కుటుంబాల సామాను కదిలి ఉంటుందో! ఆ తర్వాత శ్రీశైలం జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అంత పెద్ద గుడి కదలాలంటే ఏ రాయి ఎక్కడిదో లెక్క ఉండాలి కదా. మన సామానుకూ అలాంటి లెక్కే కావాలి.

పాత చట్టం పోయి 2007లో రోడ్డు రవాణాకు కొత్త చట్టం వచ్చింది. 2011 మార్చి 1 నుంచి అమలవుతోంది. దీని ప్రకారం మనం విలువ రాసివ్వకపోతే లారీవాళ్ల పూచీ కిరాయికి పదిరెట్ల వరకే. కిరాయి 15,000 అయితే ఎక్కువలో ఎక్కువ 1,50,000. లోపల నాలుగు లక్షల సామాను ఉన్నా అంతే. నష్టం జరిగితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దైవికమైన విపత్తుకూ, యుద్ధానికీ, ప్రభుత్వ ఆజ్ఞకూ ఇందులోనూ మినహాయింపు ఉంది. యాజ్ఞవల్క్యుడి రాజూ దైవమూ ఇంకా పోలేదన్నమాట.

లారీవాడి పూచీ వేరు, ఇన్సూరెన్సు వేరు. మా చెల్లెలు ఇల్లు మారినప్పుడు బిల్లులో ఇన్సూరెన్సు పేరుతో మూడు శాతం వేశారు. దిగాక చూస్తే బీరువా అద్దం ముక్కలు, మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను కాలు విరిగింది. పాలసీ ఏదమ్మా అంటే లేదు, కంపెనీ పేరూ లేదు. అద్దం కొత్తది వేయించుకుంది గానీ, ఆ మిషను చూసినప్పుడల్లా దాని కళ్లలో నీళ్లే. డబ్బు తీసుకుని బిల్లులో ఒక గీత రాస్తే అది పాలసీ కాదు. అనుమతి ఉన్న ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన కాగితం, దాని మీద నంబరు, మన పేరు, సామాను విలువ ఉండాలి.

దీన్ని కంపెనీలు మెరైన్ విభాగంలో అమ్ముతాయి. గడివేములకు సముద్రమెక్కడ అని నవ్వకండి! ఓడ సరుకుతో మొదలైన బీమా కాబట్టి లారీ సరుకుకూ ఆ పేరే మిగిలింది. ఇందులో రకాలున్నాయి. కొన్ని అగ్నిప్రమాదం, పిడుగు లాంటివాటికే వర్తిస్తాయి. పగుళ్లు, దొంగతనాలు కూడా కలవాలంటే 'ఆల్ రిస్క్' రకం అడగాలి. కప్పు మీద చిన్న గీత, పాత అరుగుదల లాంటివి అందులోనూ రావు. నగలు, నగదు, దస్తావేజులు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, మీ చేతిసంచిలోనే ఉంచుకోండి.

సర్దేముందు ప్రతి వస్తువుకూ ఫోటో తీసి, పెట్టెకు నంబరు వేసి, జాబితా మీద వాళ్ల సంతకం తీసుకోండి. దిగాక పెట్టెలు వాళ్ల ముందే విప్పి, పగిలినవి డెలివరీ కాగితం మీదే రాసి సంతకం పెట్టించి, ఆ రోజే ఇన్సూరెన్సు కంపెనీకి కబురు చేయండి. వాళ్లు తొందరపెడతారు, ఇంట్లో మగవాళ్లు కూడా "పోనీలే" అంటారు. మీరు మాత్రం కలం కింద పెట్టకండి. ఆ సామాను ఒక్కొక్కటిగా కూడబెట్టింది మనమే కదా.