పొట్టి కిక్ అనే అపవాదు

స్టీఫెన్ క్లక్స్‌టన్ పేరెత్తితే ఐర్లండ్‌లో తరచూ వినిపించేది ఒకటే కథ. గేలిక్ ఫుట్‌బాల్‌లోకి పొట్టి కిక్‌అవుట్ తెచ్చినవాడు అతనే, మిడ్‌ఫీల్డ్‌లో ఆకాశానికెగిరి బంతి అందుకునే అందాన్ని చంపినవాడూ అతనే అంటారు. మెచ్చేవాళ్లు, తిట్టేవాళ్లు చెప్పేది ఇదే. నా దృష్టిలో ఇందులో నిజం సగమే.

తొలినాళ్లు అందరికీ తెలిసినవే. 1981లో పుట్టాడు, పార్నెల్స్ క్లబ్‌లో ఆడాడు, 2001లో డబ్లిన్ కౌంటీ జట్టు గోల్‌కీపరయ్యాడు. జీతాల్లేని ఆట కాబట్టి బడిలో సైన్స్ చెబుతూనే ఆడాడు. 2011 ఆల్ ఐర్లండ్ ఫైనల్లో ప్రత్యర్థి కౌంటీ కెర్రీపై చివరి క్షణాల్లో ఫ్రీకిక్‌ను క్రాస్‌బార్ మీదుగా పంపి, 1-12, 1-11 స్కోరుతో (ముందు గోల్స్, తర్వాత పాయింట్లు) డబ్లిన్‌కు 16 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చాడు. 2023 నాటికి అతని ఆల్ ఐర్లండ్ పతకాలు తొమ్మిది.

అసలు తగవు కిక్‌అవుట్ దగ్గర మొదలవుతుంది. స్కోరైనా, బంతి గోల్ గీత దాటి వృథాగా పోయినా, గోల్‌కీపర్ తన్నితేనే ఆట మళ్లీ సాగుతుంది. పూర్వం బంతిని శక్తికొద్దీ మైదానం మధ్యకు తన్నేవారు. అక్కడ పొడుగాటివాళ్లు ఎగిరేవారు, దొరికినవాడిది బంతి. చూడ్డానికి బాగానే ఉండేది. లెక్క చూస్తే మాత్రం, గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టే! చేతిలో ఉన్న బంతిని సగం సందర్భాల్లో శత్రువుకు అప్పగించడమే కదా.

క్లక్స్‌టన్ మార్చింది దూరాన్ని కాదు, గమ్యాన్ని. ప్రత్యర్థులు సర్దుకోకముందే, పరిగెత్తుతున్న మనిషి చేరబోయే చోటికి బంతి పంపేవాడు. ఆ చోటు ఇరవై మీటర్లలో ఉండొచ్చు, అరవై మీటర్లలోనూ ఉండొచ్చు. పొట్టి కిక్ అందులో ఒక రకం మాత్రమే.

ఆ ఘనతంతా అతని కాలికే కట్టబెట్టలేం. 2014 సెమీఫైనల్లో అదే కాలు ఉండగానే డోనెగాల్ డబ్లిన్‌ను 3-14, 0-17తో ఓడించింది. 2016 సెమీఫైనల్ ఇంకా పెద్ద సాక్ష్యం. కెర్రీ ఆటగాళ్లు మందగా ముందుకు తోసుకొచ్చి దారులు మూసేస్తే, విరామానికి డబ్లిన్ ఐదు పాయింట్లు వెనకబడింది. గోల్‌కు మూడు పాయింట్లన్న లెక్కలో, చివరికి 0-22, 2-14తో రెండు పాయింట్లతో బయటపడింది. అంటే ఆ కిక్ విలువ దాన్ని అందుకోడానికి అలుపు లేకుండా పరిగెత్తే సహచరుల్లో ఉంది. వాళ్లు లేని క్లక్స్‌టన్ సంధానం తెలిసిన ఒంటరి విలుకాడు.

ప్రత్యర్థులకు ఈ సంగతి పట్టలేదు. అదే ఏడాది ఫైనల్ రీప్లేకు మేయో జట్టు గోల్‌కీపర్ డేవిడ్ క్లార్క్‌ను పక్కనపెట్టి రాబ్ హెనెలీని దించింది. కిక్‌అవుట్ల కోసమే ఆ మార్పని అప్పట్లో అనుకున్నారు. హెనెలీ బంతి జారవిడిచి, ఫౌల్ చేసి, పెనాల్టీ ఇచ్చి మైదానం వీడాడు. మేయో ఒక్క పాయింటుతో ఓడింది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందన్న సామెత మేయోకు అంటగట్టడం కఠినమే గాని, ఆ దశాబ్దపు అనుకరణకు మొత్తంగా చక్కగా సరిపోతుంది. పక్కవాడికి పొట్టి కిక్ ఇచ్చి, పక్కకీ వెనక్కీ బంతి తిప్పుతూ కాలక్షేపం చేసే ఆట అలా పుట్టింది. ఆ పాపం అతని ఖాతాలో రాయడం అన్యాయం.

ఇప్పుడు ఆ కాలక్షేపపు ఆటకు చట్టంతో చికిత్స జరిగింది. 2025లో వచ్చిన నిబంధనల ప్రకారం కిక్‌అవుట్ 40 మీటర్ల చాపరేఖ దాటి తీరాలి. వాటిని రూపొందించిన సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నది జిమ్ గావిన్. 2013 నుంచి 2019 దాకా క్లక్స్‌టన్ ఆడిన జట్టును నడిపిన శిక్షకుడు ఆయనే! గాల్లో పోటీ మళ్లీ కనిపిస్తున్నందుకు నాకూ సంతోషమే. కానీ నియమం కొలిచేది దూరాన్నే. క్లక్స్‌టన్ కళ దూరంలో లేదు. దాన్ని కాపీ కొట్టినవాళ్లకు పడాల్సిన శిక్ష, చిన్న కిక్‌ను కూడా చదువుకుని వేసే గోల్‌కీపర్‌కూ పడింది.

డబ్లిన్ జనబలం, ధనబలం తక్కువవి కావు. 2015 నుంచి 2020 దాకా వరసగా గెలిచిన ఆరు కప్పుల వెనక వాటి వాటా ఉంది. ఆ వాటా తీసేశాక మిగిలేది కూడా చిన్నది కాదు. తన్నేముందు తలెత్తి చూడాలని గోల్‌కీపర్లకు నేర్పింది ఆ సైన్స్ మాస్టారే.