లష్కర్ దుకాణం, పోచంపల్లి మగ్గం

సికింద్రాబాద్‌లో పెళ్లికి పట్టుచీరలు కొనాలంటే ముందు జనరల్ బజార్‌కే పోతాం. ఆ చీర నేసిన మగ్గం మాత్రం మా దగ్గర కనబడదు. మాది మొదటినుంచీ బేరాల ఊరు.

మూడో నిజాం సికందర్ జా పేరున 1806లో వెలసిన కంటోన్మెంట్ ఇది. పాతవాళ్లకు ఇప్పటికీ లష్కరే. ఇంగ్లీషువాళ్ల పటాలం దిగితే దాని వెనకే తిండిగింజలు, దాణా, బట్టలు అమ్మేవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. బట్టల దుకాణాల మధ్యే ఉన్న ఉజ్జయిని మహంకాళి గుడి కూడా పటాలం చలవే. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు పటాలంతో ఉజ్జయినిలో ఉన్న డోలీ మోసే సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి కర్ర విగ్రహాన్ని నిలిపాడని గుడి చరిత్ర చెబుతుంది. లష్కర్ బోనాలకు ప్రభుత్వం తరఫున అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పిస్తారు. మిగతాచోట్ల ముహూర్తాల్లేని ఆషాఢంలో బట్టల వ్యాపారులు డిస్కౌంట్ బోర్డులు కట్టుకుని ఎదురుచూస్తారు. మా బజార్లో ఆ బోనాల ఆదివారం కాలు పెట్టే సందుండదు.

ఈ దుకాణాలకు దగ్గరి నేత ఊరు పోచంపల్లి, యాభై కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావేకు భూదానం అక్కడే మొదలైంది. పోచంపల్లి పట్టు అనగానే తాతల నాటిదనుకుంటాం గానీ, అప్పటికి ఆ ఊరి మగ్గాల మీద ఉన్నది నూలు బట్టే. చీరాల వైపునుంచి వచ్చిన తేలియా రుమాలు పనితనమే దాని వెనక ఉంది. పట్టు నేయడం 1970 ప్రాంతంలో మొదలైంది. కొందరు కుర్రాళ్లు బనారస్ వెళ్లి ఆ నేత నేర్చుకొచ్చారు, పట్టుదారం బెంగళూరునుంచి తెచ్చుకున్నారు. కొనగలిగిన నగరం ఇంత దగ్గర లేకపోతే ఆ సాహసం అంత తొందరగా నిలదొక్కుకునేది కాదని నా నమ్మకం.

ఆ చీరలో నేత కన్నా ముందు జరిగే పనే ఎక్కువ. పట్టుదారాన్ని ఉడకబెట్టి జిగురు తీస్తారు. పేక దారాన్ని ఆసు మీద, అర్ధచంద్రం లాంటి చట్రానికి కొట్టిన మేకుల చుట్టూ, అటూ ఇటూ పోస్తారు. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిదివేల సార్లు ఆడాలి. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చీరల గురించి మాట్లాడేటప్పుడు నేసిన చేతినే పొగుడుతాం, ఆసు పోసిన భుజం ఎవరికీ గుర్తుండదు.

ఆసు అయ్యాక దారాల మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. ఇదే చిటికి పని, ఇక్కత్ అనేదీ దీన్నే. లేత రంగు ముందు, ముదురు తర్వాత. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు విప్పడం, కట్టడం. ఆ దారం కండెలకెక్కి గుంట మగ్గం మీద పడుగులోకి వెళ్లినప్పుడు పువ్వు తన చోట పడాలి. వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టే అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. పడుగు, పేక రెండూ చిటికి కట్టినవైతే తంటా రెట్టింపు, ధర కూడా.

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా మా బజార్లోనే పోచంపల్లి డిజైన్ అచ్చేసిన చీరలు గుట్టలుగా అమ్ముతారు. దుకాణదారుణ్ని పూర్తిగా తప్పుపట్టలేను, అడిగేవాళ్లు ఆ ధరకే అడుగుతున్నారు. కొనేముందు చీర తిరగేసి చూడాలి. దారానికే రంగు వేసిన చీర రెండు వైపులా ఒకలాగే ఉంటుంది, అచ్చు వేసింది చాలావరకు వెనక వెలవెలబోతుంది. సిల్క్ మార్క్ ఉంటే దారం పట్టేనని అర్థం, మగ్గం సంగతి అది చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. రెండూ ఉన్న చీర చూపమంటే, ముందు పరిచిన గుట్టను పక్కకు తోసి లోపలి బీరువా తెరుస్తారు.