పౌను ధాన్యం, నూటికి అయిదు వడ్డీ



"కంపెనీలకైతే దోసిళ్లతో పోస్తారు, మనకైతే లెక్కబెట్టి ఇస్తారు" అని రచ్చబండ దగ్గర తరచు వింటుంటాను. ఇది కొత్త మాట కాదు. మన సీమలో దీనికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. కాస్త తీరిక చేసుకుని వినండి.

మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుదారి మన తాడిపత్రి, గుత్తి మీదుగా 1871 నాటికి పూర్తయింది. వేసినది మద్రాసు రైల్వే కంపెనీ. లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి మీద నూటికి 5 వంతున వడ్డీ ముట్టేటట్టు ప్రభుత్వం వాటాదారులకు హామీ రాసి ఇచ్చింది. తక్కువ పడితే ఖజానా భర్తీ చేయవలసిందే. ఆ ఖజానాకు పెద్ద ఆధారం రైతు కట్టే శిస్తు.

1876లో ధాత కరువు వచ్చిపడింది. మన ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో గదా ఏర్పడింది. రైలు ధాన్యం తెచ్చింది. ఆ మేలు కాదనరాదు. కాని చేతిలో డబ్బు లేనివానికి స్టేషనులో బస్తాలుండి ఏం లాభం? వానికి కావలసినది పని, కూలి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో మగవాని రోజు కూలిని ఒక పౌను ధాన్యం ఖరీదుకు, పైన కొద్ది చిల్లరకు తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు సుమా! మద్రాసులోని డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డు చెప్పగా, కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

గమనించండి. వాటాదారుని వడ్డీ ఒప్పందంలో రాసి ఉంది, కనుక అది తగ్గలేదు. కూలివాని కూలి అధికారి చేతిలో ఉంది, కనుక తగ్గింది. ఆ తర్వాత 1880 కరువు కమీషన్ సిఫారసుల మీదట కరువు కోడ్‌లు వచ్చి, పనులు ఎప్పుడు తెరవాలో, కూలి ఎంతో నియమాలు ఏర్పడ్డాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా రాసింది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించినది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే.

ఇక 2017లో కియా కార్ల కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ పెట్టింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఫ్యాక్టరీ రావడం తప్పు కాదు, మన పిల్లలకూ పని కావాలి. అదే 2019లో పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు నేరుగా రైతు ఖాతాలో పడసాగాయి. అయితే అది పట్టాదారుకే. చెమటోడ్చే కౌలుదారు పేరు ఆ జాబితాలో లేదు.

అందుచేత నా మనవి ఒకటే. కంపెనీ తన హామీని కాగితం మీద రాయించుకుంటుంది. మీరూ రాయించుకోండి. 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం తెచ్చింది. గడువు 11 నెలలు. పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం. పట్టా హక్కు దానివల్ల పోదని భూమిగల పెద్దలూ గ్రహించి సంతకం చేయాలి. తోటి విస్తరణ ఉద్యోగులు విత్తనాల వేళకు ముందే ఊరూరా ఈ సంగతి చెప్పాలి.

సెలవు.