చక్రపు చుట్ల లెక్క

మా షోలాపురమున తెలుగువారి యిండ్లలో సైకిలు లేని కాలమును మే మెరుగము. కరీంనగరము, నల్లగొండ, పాలమూరు సీమలనుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన మా పెద్దలను మిల్లు కూతకు ముందే గడప దాటించినది సైకిలే. దానిమీద ఎంతదూరము పోయితిమని వారిలో నెవ్వరును లెక్క పెట్టుకొనలేదు. లెక్కలు వ్రాయుటయే జీవనముగా గడపిన మేమును ఆ లెక్క నెన్నడు తలపలేదు. గత వేసవిలో, పూనాలో చదువుకొనుచున్న మా మనుమడు సెలవులకు వచ్చి, మా పాత సైకిలు ముందుచక్రపు హబ్బుకు అగ్గిపెట్టెకన్న చిన్నదగు నొక బిళ్లను బిగించెను. మా రొమ్మునకొక పట్టీ కట్టెను. హ్యాండిలుకు స్మార్టుఫోనును తగిలించెను. నడుమ తీగ యొక్కటియు లేదు. అయినను ఫోనులో వేగము, దూరము, గుండెకొట్టుకొను సంఖ్య క్షణక్షణము కనబడుచుండెను. ఈ పరికరముల పుట్టుపూర్వోత్తరములను మేము శ్రద్ధగా తెలిసికొంటిమి. అందులో మన మగ్గమునకును సంబంధమున్నదని తెలిసిన పిదప ఈ వ్యాసము వ్రాయవలెనని తోచినది.

చక్రపు చుట్లనుబట్టి దారిని కొలుచుట నిన్నటి యూహ కాదు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో రోమకుడగు విట్రూవియస్ తన వాస్తుగ్రంథమున నొక బండిని వర్ణించినాడు. దాని చక్రపు చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. చక్ర మొక్కసారి తిరిగినప్పుడెల్ల 400 పండ్లుగల మరియొక చక్రమును ఒక పన్నుమేర జరుపును. 400 చుట్లకు 5000 అడుగులు, అనగా ఒక రోమను మైలు. అప్పుడొక గులకరాయి కంచుపాత్రలో ఠంగున పడును. రాళ్లను లెక్కపెట్టుకొనిన మైళ్లు తెలియును. మా మనుమని బిళ్ల చేయు పనియు నింతే. రాయి పడు చప్పుడు మాత్రము లేదు.

1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున కర్టిస్ వీడరు అను నతడు సైకిలుకు తగిన చిన్న లెక్కయంత్రమును తయారుచేయ మొదలిడెను. చక్రపు పుల్లకు కట్టిన ముల్లు చుట్టునకొకసారి నక్షత్రాకారపు చిన్నచక్రమును తట్టును. లోపలి అంకెలు జరుగును. ఆ దశాబ్దమున సైకిళ్లపిచ్చి అమెరికాను ఊపివేసినది గనుక యంత్రము బాగుగా అమ్ముడుపోయినది. 1928లో ఆ సంస్థ రూట్ అను మరియొక సంస్థతో కలిసి వీడర్-రూట్ అయ్యెను. వీరు లెక్కయంత్రములను నేతమిల్లులకును చేసిరి. నాడె యొక్కొక్కసారి పోయి వచ్చిన కొలది పడు పేకపోగులను లెక్కించు పెట్టెలు మగ్గములకు అమర్చబడినవి. మా మిల్లులో దానిని 'పిక్కు డబ్బా' అనెడివారు. సైకిలు ముల్లును మగ్గపు డబ్బాయు ఒక్క కుదురువే యని నలువది యేండ్లు ఆ డబ్బాల అంకెలు ఎక్కించిన మాకే తెలియకపోవుట వింత.

గుండెలెక్క కథ వేరు. 1940ల చివర అమెరికాలోని మొంటానా రాష్ట్రమున నార్మన్ హోల్టరు అను శాస్త్రజ్ఞుడు, తిరుగుచున్న మనిషి గుండె విద్యుత్తును రేడియోద్వారా పంపు యంత్రమును కట్టెను. దానిని వీపున మోయవలెను; బరువు సుమారు 38 కిలోలు! ఫిన్లండు దేశపు ఊలు విశ్వవిద్యాలయ ఆచార్యుడు సెప్పో సాయ్‌నాయాకంగాస్ మంచుపై పరుగులెత్తు ఆటగాండ్రకొరకు దీనిని తేలికచేయ బూని 1977లో పోలార్ సంస్థను స్థాపించెను. 1982లో ఆ సంస్థ రొమ్ముపట్టీనుండి చేతిగడియారమునకు తీగ లేకుండ గుండెవేగమును పంపు పరికరమును వెలువరించెను. 1986లో జర్మనీలో ఉల్రిక్ షోబరర్ అను ఇంజనీరు, పెడలు త్రొక్కినప్పుడు క్రాంకులో కలుగు అణుమాత్రపు వంపును కొలిచి కాలిశక్తిని వాట్లలో చూపు సాధనమును చేసెను. దానిధర మావంటివారి ఊహకందదు గనుక దానిని విడిచెదము.

ఇన్నియు ఉన్నను ఒకరి పట్టీ మాట మరియొకరి గడియారమునకు తెలియకుండెను. కెనడాలోని డైనాస్ట్రీమ్ సంస్థ ఏ.ఎన్.టి. అను రేడియో పద్ధతిని కల్పించెను. 2006లో గార్మిన్ ఆ సంస్థను కొనెను. అదే యేట నోకియా స్వల్పవిద్యుత్తుతో నడచు వేరొక పద్ధతిని ప్రకటించెను. అది 2010లో బ్లూటూత్ నాలుగవ రూపమున చేరెను. 2011లో వచ్చిన ఐఫోను 4ఎస్ దానిని అందుకొనెను. ఆ మీదట ఫోనే గడియారము, ఫోనే లెక్కపుస్తకము.

ఈ బిళ్ల తెలివి యొకటి మాకు మిక్కిలి నచ్చినది. అది 'వేగమింత' అని చెప్పదు. మొదటినుండి తిరిగిన చుట్ల మొత్తమును, కడపటి చుట్టు ముగిసిన వేళను పంపుచుండును. ఆ వేళ సెకనులో 1024వ వంతువరకు లెక్క. ఒక వార్త గాలిలో తప్పిపోయినను తరువాతి వార్తతో మొత్తము సరిపడును. రోజువారీ అంకెతోపాటు పైనుండి తెచ్చిన మొత్తమును వ్రాయు గుమాస్తా పద్ధతి యిదే కదా! వేగమును, దూరమును కట్టుకొనుట ఫోను పని. చుట్టుకొలత ఫోనుకు మనమే చెప్పవలెను.

మేము పొరబడిన దిక్కడనే. ఒకనాటి తెల్లవారుజామున తుల్జాపురపు దారిని హిప్పర్గా చెరువు మీదుగా కిలోమీటరు రాళ్లను ఎంచుచు సరిగా పది దాటితిమి. ఫోను 9.48 అనెను. రాళ్లు తప్పని మనుమనితో వాదించితిమి. వాడు నవ్వి, "తాతా, రాళ్లు కాదు, చక్రం చూడు" అనెను. ఫోనులో ముందే యుండిన కొలత సన్నటైర్ల పందెపు సైకిలుది, 2105 మిల్లీమీటర్లు. మాది నాటి 28 అంగుళముల బండి. వాకిట సుద్దముక్కతో గీత గీసి, చక్రమును ఒక్కచుట్టు దొర్లించి, టేపుతో కొలువగా 2220 వచ్చెను. ఆ అంకె యెక్కించినంతనే మరునాడు రాళ్లును ఫోనును ఏకమాయెను. పావుగంట పని.

గుండె విషయమున మాత్రము ఇంత సులువు కాదు. 220లోనుండి వయస్సును తీసివేయగా గుండె కొట్టుకొనదగిన గరిష్ఠసంఖ్య వచ్చునను సూత్రము చాల ఫోనులలో నుండును. 1971 నాటి యొక వ్యాసమున, వేర్వేరు చోట్ల దొరికిన అంకెలను ఒకచోట చేర్చి గీచిన గీత అది. 2001లో తనకా మొదలగువారు 351 పరిశోధనలను పరిశీలించి, 208లోనుండి వయస్సును 0.7తో హెచ్చించి తీసివేయుట మేలనిరి. 66 ఏండ్ల మాకు మొదటిదానిచే 154, రెండవదానిచే 162. మా డాక్టరుగారు రెంటిని త్రోసివేసిరి. మేము పుచ్చుకొను రక్తపోటుమాత్ర గుండెవేగమునే తగ్గించునట. మా హద్దు వారు వేరుగా వ్రాసియిచ్చిరి. ఈ మాత్రలు పుచ్చుకొను పెద్దలు ఫోనులోని హద్దును నమ్మి ఎక్కులు త్రొక్కరాదని మా మనవి. పట్టీ పొడిగా నున్నప్పుడును తప్పుడు అంకెలు చూపును, తడిచేసి కట్టవలెను.

ఇక, ఆ 9.48 మమ్ము నిద్రపోనీయలేదు. 1986లో మేము మిల్లులో కూలిలెక్కలు వ్రాయుచుండగా, వావికి మామ యగు నొక నేతగాడు కాగితముపై తన లెక్క తెచ్చి చూపెను. "బిడ్డా, గుడ్డ ఇంత ఉన్నది, నీ డబ్బా అంత చెప్తలేదు" అనెను. "డబ్బా ఏది చూపితే అదే రాస్త మామా" అంటిమి. నాలుగు నెలలు అట్లే వ్రాసితిమి. పిమ్మట డబ్బాలో పన్ను అరిగినదని తెలిసి మార్చిరి. తగ్గిన కూలిని ఎవ్వరును ఇయ్యలేదు, ఇయ్యవలెనని మేమును వ్రాయలేదు. గుడ్డ అక్కడనే యుండెను, గజపుబద్ద మా బల్లమీదనే యుండెను.

ఆయన ఇప్పుడు లేడు. కుమారుడు మాకు రెండు సందుల అవతల నున్నాడు. మొన్న దసరానాడు జమ్మి పెట్టుటకు పోయి, సైకిలు వాకిట నిలిపి, యీ సంగతి యంతయు చెప్పితిమి. అతడు కొంతసేపు మాటలాడలేదు. "నాయిన ఆ కాగితం చాన్నాళ్లు దాచిండు బావా" అనెను. పిదప మా ఫోనును చేతికి తీసికొని, హిప్పర్గాకు ఎంతదూరమని వచ్చినదో చూపుమని యడిగెను.